గొంగడి కప్పుకున్న పొగ్గొట్టం

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో వెల్డింగ్ షాపు నడిపే అబ్రాహాముకు తనమీద తనకున్న నమ్మకం, ఊళ్ళో ఇంకెవరికీ ఆయన మీద లేదు. ఆయన చేసిన గేట్లు బాగానే మూసుకుంటాయి, తెరవాలంటేనే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన చేసిన కూలర్ స్టాండు, స్విచ్ వేయగానే గడగడలాడుతూ గదిలో ఇంకో మూలకు నడిచిపోతుంది. ఎవరైనా కోపంగా వస్తే, "ఇనుము గుణమే అసొంటిది, నేనేం జేస్త?" అని తప్పంతా ఇనుము మీదికి తోసేసి, చాయ్ తెప్పించి, వచ్చినవాడి చేతే ఇంకో పని ఒప్పించుకుని పంపేవాడు. చెయ్యి ఎట్లా ఉన్నా నోరు మంచిది.

ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి. కాలనీ చర్చిలో ఢోలక్ ముందు కూర్చున్నాడంటే వంక పెట్టడానికి ఉండదు. నిద్రపోతున్న సంఘ పెద్దలు కూడా తెలియకుండానే కాలు ఊపుతారు.

అదే చర్చిలో ఆడవాళ్ళ వైపు మొదటి వరుసలో, అందరికంటే గట్టిగా, అందరికంటే ఒక మాట వెనకగా పాడే ముసలమ్మ శాంతవ్వ. అబ్రాహాము భార్య లిదియాకు తల్లి. భర్త యేసుబాబు పోయినప్పటి నుంచి బిడ్డ ఇంట్లోనే ఉంటోంది. ఆ యేసుబాబు బతికున్నన్నాళ్ళూ చర్చి గంట కొట్టినవాడు. ఇప్పుడు చర్చి వెనక సమాధుల తోటలో, వేపచెట్టు కింద పడుకుని ఉన్నాడు. పక్కన ఒక మనిషికి సరిపడా జాగా ఖాళీగా ఉంది.

ఆ జాగా శాంతవ్వదే అని అందరికీ తెలుసు. తిరకాసు ఏమిటంటే, బాప్తిస్మం తీసుకోనివాళ్ళకు ఆ తోటలో చోటు లేదు. శాంతవ్వ బాప్తిస్మం తీసుకోలేదు.

దేవుడి మీద నమ్మకం లేక కాదు. నీళ్ళు చల్లగా ఉంటాయని. పడుచుతనంలో, యేసుబాబుతోపాటు అందరూ ట్రాక్టర్ ఎక్కి నిజాంసాగర్ కాలువకు పోయి మునిగిన రోజున, ఈమె కూడా పోయింది. గట్టు మీద నిలబడి, బొటనవేలు నీళ్ళలో పెట్టి, తీసి, తిరిగి ట్రాక్టర్ ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత అప్పటి పాస్టర్ అదే కాలువలో జారిపడితే, మనిషి దొరికాడు గానీ చెప్పులు బీర్కూర్ దాకా పోయాయని చెప్పుకున్నారు. దాంతో సంఘం పెద్దలకు కాలువంటే భయం పట్టుకుని, చర్చి లోపలే స్టేజీ ముందర నేలలో సిమెంటు తొట్టి కట్టించారు. మామూలు రోజుల్లో దానిమీద పలకలు పరిచి, పలకల మీద కుర్చీలు వేస్తారు. ఎండాకాలం బోరు ఎండిపోయి తాగడానికే నీళ్ళుండవు కాబట్టి, బాప్తిస్మాలు ఏడాదికి ఒక్కసారే, డిసెంబరు చివరి ఆదివారం. అంటే ఎల్లారెడ్డిలో కుక్కలు కూడా పొయ్యి బూడిదలో పడుకునే కాలంలో.

చిలకరిస్తే సరిపోదా అని లిదియా ఒకసారి పాస్టరును అడిగింది. జీవన్ పాస్టర్ కామారెడ్డి నుంచి బండి మీద వచ్చిపోతుంటాడు, మెత్తటి మనిషి. "నా చేతిల లేదమ్మా. మునగాల్సిందే అని పెద్దలు రాసుకున్నరు," అన్నాడు. రాసుకున్న పెద్దలందరూ ఎండాకాలాల్లో కాలువలో హాయిగా మునిగినవాళ్ళే.

రెండేళ్ళ కిందటి చలికాలం శాంతవ్వకు ఛాతీలో నెమ్ము చేరింది. కామారెడ్డి ఆసుపత్రిలో పెట్టి, బతికించుకుని తెచ్చుకున్నారు. పంపించేటప్పుడు డాక్టరు, "చల్లనీళ్ళు మీద పడనీయొద్దు, ఇంకోసారి వస్తే కష్టం," అన్నాడు. తిరుగు బస్సులో శాంతవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ, పక్కన కూర్చున్న అల్లుడితో మెల్లగా అంది.

"చావంటె భయం లేదు అబ్రాహామూ. నన్ను వేరే కాడ పెడ్తరని భయమైతుంది. ఆయన ఒక్కడే ఉండలేడు. చీకట్ల మంచినీళ్ళ చెంబు గూడ దొరకదు ఆయనకు."

ఏం చెప్పాలో తెలియనప్పుడు అబ్రాహాము గొప్పలు చెప్తాడు. "నేనున్న గద అత్తా. తొట్టిల నీళ్ళు నేను కాగబెడ్త. జ్వరమొచ్చినోళ్ళు గూడ మునుగుతరు జూడు," అన్నాడు. బస్సులో నలుగురు విన్నారు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

మొదటి ఏడాది ఆయన చేసింది ఇది. మందం రేకుతో ఒక పెట్టె చేసి తొట్టి మూలన నీళ్ళలో ముంచి బిగించాడు. పెట్టె మూతి గోడలోంచి బయటికి వస్తుంది, కట్టెలు అక్కడినుంచి పెట్టాలి. పెట్టె నెత్తిన ఒక ఇనుప గొట్టం, అది కూడా గోడలోంచి బయటికి పోయి నిటారుగా పైకి లేస్తుంది. లోపల మంట, చుట్టూ నీళ్ళు. గంటలో నీళ్ళు పొగలు కక్కాయి. అబ్రాహాము మీసం మెలేశాడు.

కాకపోతే ఆరాధన మొదలయ్యేసరికి మంట ఆర్పేయాలి. ఎర్రగా కాలిన పెట్టె పక్కన మనుషుల్ని దింపితే బాప్తిస్మం కాదు, కబాబు అవుతుంది. పైగా మంట చూసుకునేవాడు ఢోలక్ ముందు ఉండాలి. ఆర్పేశారు. పాటలయ్యాయి. సాక్ష్యాలయ్యాయి. జీవన్ పాస్టర్ ప్రసంగం ఎత్తుకున్నాడు. మెత్తటి మనిషే, కానీ మైకు దొరికితే వదిలే రకం కాదు. ఐగుప్తు నుంచి జనాన్ని బయటికి తెచ్చి, ఎడారంతా తిప్పి, ఒక్కొక్క బావి దగ్గరా ఆగి, చివరికి పలకలు తీయించేసరికి మిట్టమధ్యాహ్నం అయింది.

తెల్లచీర కట్టుకున్న శాంతవ్వ మెట్టు దిగి, బొటనవేలు నీళ్ళలో పెట్టింది. తీసింది.

"ఇది కాలువనే," అని వచ్చి తన చోట్లో కూర్చుంది.

చర్చి అంతా నవ్వింది. అబ్రాహాము ఢోలక్ వెనక తల దాచుకున్నాడు. "వచ్చే ఏడు చూద్దాంలే అవ్వా," అన్నాడు పాస్టర్. వచ్చే ఏడు అనే మాట చెప్పేవాడికి తేలిక. ఇంటికి పోయాక లిదియా అన్నం గిన్నె ఠంగున పెట్టి, "మా అవ్వ పాణంతోటి నీ గొట్టానికి ప్రాక్టీస్ జేస్తున్నవా?" అంది.

తప్పెక్కడుందో మరునాడే తెలిసింది. పెట్టెలో బూడిద కూడా చల్లారి ఉంది, అయినా గొట్టం పైన చెయ్యి పెడితే గాలి వస్తోంది. మంట లేకపోయినా గొట్టం గుంజుతూనే ఉంది. కింద మూతిలోంచి చలిగాలిని లాక్కుని, నీళ్ళలో ఉన్న వేడిని దానికి అంటించి, పైనుంచి ఆకాశంలోకి ఊదేస్తోంది. పొద్దుటి నుంచి శాంతవ్వ కోసం కాచిన వేడంతా కాకులకు పోయింది.

"దొంగ గొట్టం," అని తిట్టాడు అబ్రాహాము. ఎప్పటిలాగే తప్పు ఇనుముదే.

గొట్టానికి మూత చేశాడు. ఆదివారంబడి పిల్లలు లోపల పాటలు నేర్చుకుంటుండగా మంట పెట్టి, అది తగ్గగానే నిచ్చెన ఎక్కి మూత దించాడు. కింద బొగ్గులు ఇంకా బతికే ఉన్నాయి. పైకి దారి లేని పొగ వెనక్కి తిరిగి, మూతిలోంచి ఎగదన్ని, కిటికీల్లోంచి చర్చిలోకి పోయింది. పిల్లలూ టీచరమ్మా దగ్గుకుంటూ ఒకరిమీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. బొగ్గులు పూర్తిగా చచ్చాకే మూత వేయాలని అప్పుడర్థమైంది. అవి చచ్చేది పాటల మధ్యలో. అప్పుడు ఢోలక్ వదిలేసి నిచ్చెన ఎక్కేదెవరు? ఇంకొకడికి చెప్తే, వాడు ఎప్పుడు మూస్తాడో దేవుడికే తెలియాలి. మూత తీసి మూలకు విసిరేశాడు.

వానాకాలంలో శాంతవ్వకు మళ్ళీ దగ్గు ఎత్తుకుంది. ఆసుపత్రి దాకా పోలేదు గానీ మనిషి సగమైంది. దసరా దాటేసరికి పొద్దున్నే ఎండలో గోడకానుకుని కూర్చుని, గొంగడిని నెత్తిమీదుగా కొప్పెర పెట్టుకుని, అందులోనే ముడుచుకుపోయేది. చూస్తే మనిషి ఉన్నట్టుండదు, గొంగడే కూర్చున్నట్టుంటుంది. ఒకరోజు అబ్రాహాము చాయ్ గ్లాసు పట్టుకొచ్చి, ఆమె ముఖం కనపడటానికి గొంగడి కొసను పైనుంచి ఎత్తాడు.

"ఏయ్! పైన తియ్యకు!" అని ఆ గొంగడి లోపలినుంచి అరుపు. "పొద్దటిసంది జమ జేసుకున్న వేడంత పోతది. కిందికెల్లి ఇయ్యి. కింద ఎంత సందున్నా ఫికర్ లేదు. పైన ఒక్క వేలు సందిచ్చినవంటె అయిపోయె."

అబ్రాహాము చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గొంగడి కిందనుంచి ఎముకల చెయ్యి ఒకటి బయటికొచ్చి గ్లాసు కోసం వెతికింది. గ్లాసు అందలేదు. అల్లుడు దాన్ని గోడ మీద పెట్టేసి షాపుకు ఉరికాడు.

ఇంతకాలం ఆయన గొట్టాన్ని పెట్టె నెత్తిన పెట్టాడు. అంటే గొంగడికి నెత్తిన బొక్క పెట్టి, వేడి ఎందుకు పోతోందని ఏడ్చాడు. గొట్టం పెట్టె అడుగునుంచి మొదలవ్వాలి. మంట మండుతున్నప్పుడు పొగ పెట్టె నిండా నిండి, కిందికి దిగి, అక్కడినుంచి గొట్టంలోకి పోతుంది. ఎత్తు గొట్టం ఉంది కాబట్టి గుంజుకుంటుంది. మంట ఆరాక వేడిగాలి పైకే చేరి పెట్టె కప్పు కింద కూర్చుంటుంది. కిందికి దిగి దారి వెతుక్కోవడం వేడికి చేతకాదు. గొట్టానికి వేడి అందకపోతే గుంజడం మానేస్తుంది. ఎవరూ నిచ్చెన ఎక్కనక్కరలేదు, మూత వేయనక్కరలేదు.

కామారెడ్డి పాత ఇనుము దుకాణంలో మిల్లు గొట్టం ఒకటి దొరికింది. పెట్టెను కోసి, నెత్తిన బొక్కకు రేకు అతికి, అడుగున కొత్త బొక్క పెట్టాడు. వెలిగించడమే కష్టమైంది. చల్లటి గొట్టం పొగను లాగనని మొరాయించింది. గొట్టం మొదట్లో కాస్త కాగితం మండిస్తే గుంజడం మొదలుపెడుతుందని రెండుసార్లు కనుబొమ్మలు కాల్చుకున్నాక తెలిసింది. షాపులో ఒక డ్రమ్ముకు బిగించి చూస్తే, పొద్దున కాచిన నీళ్ళు సాయంత్రానికి కూడా గోరువెచ్చగా ఉన్నాయి. పెట్టెను తిరిగి తొట్టిలో బిగించాడు. ఇక అబ్రాహాము నోటికి తాళం లేదు. చాయ్ హోటల్లో, మంగలి షాపులో, కట్టెలమ్మే తేజ్యా దగ్గర, అంతటా అదే కథ.

తండా నుంచి తుమ్మ మొద్దులు తెచ్చి దింపుతూ తేజ్యా అడిగాడు. "ఇన్ని కట్టెలెందుకన్నా? ముసలామెను ముంచుతున్నరా, ఉడకబెడ్తున్నరా?"

"నీకెర్కలేదు. తొట్టి పెద్దది. మా అయ్యగారి ప్రసంగం ఇంకా పెద్దది," అన్నాడు అబ్రాహాము.

లెక్క అదే. పోయినేడు ప్రసంగం ఎడారంతా తిరిగింది. ఈ ఏడు సముద్రం కూడా దాటొచ్చు. దానికి సరిపడా కాచాలి.

చివరి ఆదివారం తెల్లవారుజామునే, పోయినేటి వాక్యాల క్యాలెండరు చింపి గొట్టం మొదట్లో మండించాడు. పరిశుద్ధమైన కాగితం కదా, మొదటి అగ్గిపుల్లకే అంటుకుంది. తుమ్మ మొద్దులు నిండా పెట్టాడు. అవి కాలి కుంగాక మళ్ళీ పెట్టాడు. మనసు ఆగక ఇంకోసారి పెట్టాడు. గంట కొట్టేవేళకు మంట ఆర్పి, చేతులు కడుక్కుని ఢోలక్ ముందు కూర్చున్నాడు. తొట్టి మీద పలకలు, పలకల మీద దుప్పట్లు. శాంతవ్వ తెల్లచీర మీద గొంగడి కప్పుకుని మొదటి వరుసలో ఉంది. పాడటం లేదు. ఆమె పాడని ఆదివారం అదొక్కటే.

పాటలయ్యాయి. పాస్టర్ మైకు అందుకున్నాడు.

"ప్రియులారా, ఈరోజు ప్రసంగం చాల చిన్నది. పోయినేడు నావల్లనే మన శాంతవ్వ తొట్టి దాక వచ్చి తిరిగి పోయింది. ఏడాదంత నాకది గుచ్చుకుంటనే ఉంది."

రెండు మాటలు చెప్పి, బైబిలు మూసేసి, పలకలు తీయమన్నాడు.

అబ్రాహాము చెయ్యి ఢోలక్ మీద బిగుసుకుపోయింది. వద్దు అనబోయాడు, నోరు రాలేదు. జీవితంలో మొదటిసారి.

పలకలు తీశారు. గుప్పున ఆవిరి లేచి స్టేజీని, మైకును, పాస్టరును కమ్మేసింది. వెనక వరుసలో కూర్చునే పెద్దాయన గంగారాంకు చూపు అంతంతమాత్రం. ఆయన చేతులెత్తి, "మహిమ దిగింది! మహిమ!" అని మోకాళ్ళ మీద పడ్డాడు. ఆయన్ని చూసి ఇంకో వరుస పడింది. ఆ మహిమలోకి జీవన్ పాస్టర్ తెల్ల అంగీతో భక్తిగా కాలు పెట్టాడు.

ఆయన అరిచిన మాట ఏ గ్రంథంలోనూ లేదు. ఒక్క గెంతులో స్టేజీ మీదున్నాడు.

"అబ్రాహామూ! ఇది బాప్తిస్మమా, పాయా వండుతున్నవా?"

"గొట్టం పని జేసింది అయ్యగారూ!" అన్నాడు అబ్రాహాము. ముందు గర్వమే వచ్చింది, భయం తర్వాత వచ్చింది.

చల్లనీళ్ళు కలుపుదామంటే లైన్ రిపేరని కరెంటు బందు, మోటరు నడవదు. చేతిపంపు ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. తాగడానికి పెట్టిన బిందెలు పోస్తే తొట్టికి తెలియను కూడా తెలియలేదు. అబ్రాహాము బయటికి ఉరికి పెట్టె మూతిలోకి అట్టముక్కతో విసిరాడు, గొట్టాన్ని తన్నాడు. గొట్టం చలించలేదు. వేడిని దాచమని నేర్పాడు, అది దాచుతోంది. ఆయన చేసిన వస్తువుల్లో చెప్పిన పని చేసింది ఇదొక్కటే. అదీ ఈరోజే.

లోపలికొచ్చేసరికి పాస్టర్ గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం పెద్దకొడప్‌గల్‌లో ఇంకో ఆరాధన ఉంది. "ఏం జేద్దాం మరి? వచ్చే ఏడు..." అని ఎవరో మొదలుపెట్టారు. శాంతవ్వ గొంగడి మడిచి లిదియా చేతికిచ్చి, తెల్లచీరతో తొట్టి అంచున నిలబడి ఉంది. చీరలోంచి భుజాల ఎముకలు కనపడుతున్నాయి. వచ్చే ఏడు ఆ భుజాలుండవని అబ్రాహాముకు తెలిసిపోయింది.

పోయి పాస్టర్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అయ్యగారూ, మీ కాళ్ళు మొక్కుత. ఇంకో ప్రసంగం చెప్పున్రి. పెద్దది."

సంఘమంతా ఒక్క మూలుగు మూలిగింది. బయట బగారా అన్నం దమ్ము మీదుంది, వాసన లోపలికి వస్తోంది. జీవన్ పాస్టర్ మాత్రం వంగి ఆయన్ని లేపాడు. ఇన్నేళ్ళ సేవలో ఇంకాసేపు చెప్పమని అడిగిన మొదటి మనిషి. పాస్టర్ కళ్ళు చెమర్చాయి. పెద్దకొడప్‌గల్‌కు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, బ్యాటరీ మైకు అందుకుని, నోవహు దగ్గర మొదలుపెట్టాడు.

వానలు పడ్డాయి, ఓడ తేలింది, జంతువులన్నీ పేరుపేరునా ఎక్కాయి. తెరిచిన తొట్టి మీంచి ఆవిరి పలచబడుతూ వచ్చింది. లిదియా అంచున కూర్చుని మాటిమాటికీ నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తోంది. ప్రతిసారీ చర్చి అంతా ఆమె ముఖం వంక చూస్తోంది. ఆమె తల అడ్డంగా ఊపుతోంది, పాస్టర్ ఇంకో అధ్యాయం తీస్తున్నాడు. ఓడ కొండకు తగిలి చాలాసేపయ్యాక, లిదియా మోచెయ్యి దాకా ముంచి, తీయకుండా అలాగే ఉంచింది.

"అయినయి. పసిపిల్లకు వోసే నీళ్ళ లెక్కున్నయి. రావే అవ్వా."

శాంతవ్వ మెట్టు దిగింది. బొటనవేలు పెట్టింది. గంగారాం కూడా ఊపిరి బిగబట్టాడు.

వేలు బయటికి రాలేదు. పాదం దిగింది. రెండో పాదం దిగింది. నడుము దాకా దిగాక ఆమె ముఖంలో ముడతలన్నీ ఒక్కొక్కటే సడలాయి. పాస్టర్ ఒక చెయ్యి వీపుకు, ఒక చెయ్యి తలకు ఆనించి, మాటలు చెప్పి, మెల్లగా ముంచి లేపాడు. చర్చి దద్దరిల్లింది. దగ్గు వస్తుందేమోనని లిదియా తువాలు పట్టుకుని నిలబడింది. దగ్గు రాలేదు. శాంతవ్వ కూడా రాలేదు. మెడ దాకా నీళ్ళలో అలాగే కూర్చుంది.

"అవ్వా, వెనక ఇంకా మంది ఉన్నరు," అన్నాడు పాస్టర్.

"ఆగున్రి జర. నా పెండ్లికి గూడ సల్లనీళ్ళే వోసిన్రు నాకు," అంది శాంతవ్వ.

అబ్రాహాముకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే ఢోలక్ ఎత్తుకుని వాయించాడు, తాళం ఎక్కడా తప్పలేదు.

భోజనాలు మొదలయ్యాక, పొడి చీర కట్టుకుని, గొంగడి కొప్పెర పెట్టుకుని, శాంతవ్వ సమాధుల తోటకు పోదామంది. అబ్రాహాము చెయ్యి పట్టుకుని నడిపించాడు. యేసుబాబు పక్కనున్న ఖాళీ జాగాలో ఆమె అటూ ఇటూ రెండడుగులు తొక్కి చూసింది. సరిపోతుందనుకుందేమో, తల ఊపింది.

"ఇంటున్నవా, లిదియ నాయినా. జర జరిగి పండుకో. నేను గూడ వస్త. ఎవ్వలు వద్దనరు ఇగ," అంది. గొంగడి దగ్గరికి లాక్కుంది. "గని ఇప్పుడే రాను. అల్లుడు ఇంట్ల గూడ గసొంటి గొట్టమే పెడ్తనన్నడు."

అబ్రాహాము ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"పెడ్త అత్తా," అన్నాడు.